ట్రాక్టరు ట్రాలీలో మనుషులు: ఎక్కే ముందు తెలుసుకోవలసిన విషయాలు



పల్లెటూళ్ళలో ట్రాక్టరు లేనిదే పని జరగదు. పొలం దున్నేది అదే, ధాన్యం బస్తాలు మార్కెట్‌కు చేర్చేది అదే, ఇల్లు కట్టుకునేటప్పుడు ఇసుక, ఇటుక తెచ్చేది కూడా అదే. అంతటితో ఆగకుండా మిరప కోతకు వెళ్ళే కూలీలనూ, పెళ్ళికి వెళ్ళే చుట్టాలనూ, తిరునాళ్ళకూ క్రిస్మస్ సభలకూ వెళ్ళే కుటుంబాలనూ అదే మోస్తోంది. ఒక్క ట్రిప్పులో ముప్ఫైమంది వెళ్ళవచ్చు. ఖర్చు కలిసివస్తుంది. అందరూ కలిసి వెళ్ళామన్న సంతోషం ఉంటుంది.

ఈ పాఠంలో ట్రాక్టరు వెనుక తగిలించే ట్రాలీ గురించీ, అందులో ఎక్కే మనుషుల గురించీ తెలుసుకుందాం. కొన్ని ఊళ్ళలో దీన్ని ట్రక్కు అంటారు, మరికొన్ని చోట్ల ట్రైలర్ అంటారు. ఏ పేరుతో పిలిచినా విషయం ఒక్కటే. ట్రాలీ సరుకు కోసం చేసిన బండి. అందులో ఎక్కిన మనిషిని కాపాడే ఏర్పాటు ఒక్కటి కూడా దానిలో లేదు. డ్రైవరు ఎంత మంచివాడైనా, ఎంత అనుభవం ఉన్నవాడైనా ఆ లోటును తీర్చలేడు. అందుకే ఈ ప్రమాదాన్ని ఆపవలసిన సమయం బండి కదలక ముందే.

ఏం జరుగుతోంది?

2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా పడమటితండా దగ్గర పొలం పనికి వెళ్తున్న కూలీల ట్రాక్టరు కాలువలో పడింది. తొమ్మిదిమంది చనిపోయారు. మూడు నెలలు తిరగక ముందే, అదే ఏడాది జూన్ 24న, యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర మరో ట్రాక్టరు మూసీ కాలువలో బోల్తాపడింది. 15 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఎక్కువమంది పొలం పనికి బయలుదేరిన స్త్రీలు. 2020 మే నెలలో ప్రకాశం జిల్లా రాపర్ల దగ్గర మిరప కూలీలతో వస్తున్న ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొన్నది. విద్యుత్తు తగిలి పలువురు మరణించారు.

ఇది మన రాష్ట్రాల్లోనే ఉన్న సమస్య కాదు. 2022 అక్టోబరు 1న ఉత్తరప్రదేశ్‌లోని కాన్పూర్ జిల్లాలో, పిల్లవాడికి పుట్టువెంట్రుకలు తీయించి గుడి నుంచి తిరిగి వస్తున్నవారి ట్రాలీ చెరువులో బోల్తాపడి 26 మంది చనిపోయారు. ఎక్కువమంది స్త్రీలు, పిల్లలే. ఆ తర్వాత అక్కడి ముఖ్యమంత్రి, ట్రాలీలను వ్యవసాయానికీ సరుకు రవాణాకూ మాత్రమే వాడాలని ప్రజలను కోరారు. అయినా 2024 ఫిబ్రవరిలో అదే రాష్ట్రంలోని కాస్‌గంజ్ జిల్లాలో గంగాస్నానానికి వెళ్తున్నవారి ట్రాలీ చెరువులో పడి 20 మందికి పైగా మరణించారు.

ఈ సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడండి. వీరంతా పనికో, మొక్కు తీర్చుకోవడానికో బయలుదేరిన మామూలు కుటుంబాలవారు. చనిపోయినవారిలో స్త్రీలు, పిల్లలు ఎక్కువ. ఒకే బండి బోల్తాపడితే ఒకే ఊరిలో పది పదిహేను ఇళ్ళలో ఒకేసారి దుఃఖం వచ్చిపడుతోంది. ఒక్కో ఇంట్లో తల్లీ కూతురూ ఇద్దరూ అదే బండిలో ఉంటారు.

లాగే బండి, లాగబడే బండి

బస్సును, కారును మనుషుల కోసమే తయారుచేస్తారు. వాటి చక్రాలన్నిటికీ బ్రేకులు ఉంటాయి. కుదుపును తగ్గించే స్ప్రింగులు ఉంటాయి. కూర్చోవడానికి సీటు, పట్టుకోవడానికి కడ్డీ, పైన కప్పు, చుట్టూ గోడ ఉంటాయి. ట్రాలీకి ఇవేవీ ఉండవు. పైగా అది తనంతట తాను నడిచేది కాదు. ఒక ఇనుప పిన్ను ఆధారంగా ట్రాక్టరు వెనుక వేలాడుతూ వచ్చేది. ఆ కారణంగా నాలుగు ఇబ్బందులు వస్తాయి.

మొదటిది, బ్రేకులు. మన ఊళ్ళలో తిరిగే చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు లేవు. డ్రైవరు బ్రేకు వేస్తే ఆగేది ట్రాక్టరు. వెనుక ఉన్న బరువు మాత్రం ముందుకే తోస్తుంది. రోడ్డు పల్లంగా ఉన్నా, మలుపు తిరిగి ఉన్నా ఆ తోపుకు ట్రాక్టరు వెనుకభాగం పక్కకు జరుగుతుంది. రెండు బండ్లూ మడతపడ్డట్టు అడ్డం తిరుగుతాయి.

రెండవది, ట్రాక్టరు బ్రేకులు కూడా రోడ్డు కోసం చేసినవి కావు. కుడి చక్రానికి ఒక పెడల్, ఎడమ చక్రానికి ఒక పెడల్ విడివిడిగా ఉంటాయి. చేనులో చాలు చివర ట్రాక్టరును చటుక్కున తిప్పడానికి ఈ ఏర్పాటు. రోడ్డు ఎక్కేటప్పుడు రెండు పెడళ్ళనూ కలిపి కొక్కెం వేయాలి. అది మరచిపోయి వేగంలో ఒక్కదాన్నే తొక్కితే బండి ఒక పక్కకు లాగేస్తుంది.

మూడవది, పిన్ను. ట్రాలీనీ ట్రాక్టరునూ కలిపి ఉంచేది అదొక్కటే. అది అరిగినా, దాని అడుగున ఉండవలసిన చిన్న తాళపు పిన్ను లేకపోయినా, గుంతలో పడ్డప్పుడు పైకి లేచి ఊడిపోవచ్చు. ఊడిన ట్రాలీని ఆపడం ఎవరి వల్లా కాదు.

నాలుగవది, శబ్దం. ఇంజను మోతలో వెనుకవారి కేకలు డ్రైవరుకు వినిపించవు. ఒక పిల్లవాడు జారిపడినా, ట్రాలీ చక్రం రోడ్డు అంచు దిగినా ఆ సంగతి డ్రైవరుకు చేరేసరికి ఆలస్యమైపోతుంది.

బస్తా కదలదు, మనిషి కదులుతాడు

"ముప్ఫై క్వింటాళ్ళ ధాన్యం మోసే ట్రాలీకి ముప్ఫైమంది మనుషులు ఒక బరువా?" అని అడుగుతారు. మనిషికి 50 కిలోల చొప్పున లెక్కవేసినా ముప్ఫైమంది బరువు 15 క్వింటాళ్ళే. నిజమే, బరువు తక్కువ. కానీ ప్రమాదం వచ్చేది ఆ బరువు ఉండే తీరు వల్ల.

ధాన్యం బస్తాలు ట్రాలీ అడుగున పరచుకుని ఉంటాయి. మనుషులు నిలబడతారు. నిలబడితే బరువంతా పైకి వస్తుంది. ఎత్తు పెరిగిన కొద్దీ బండి పడిపోవడం తేలిక అవుతుంది. బిందె మీద బిందె పెట్టుకుని నడిచేవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. మలుపు తిరిగేటప్పుడు నిలబడినవారందరూ ఒకే పక్కకు ఒరుగుతారు. ఎదురుగా లారీ వస్తే భయపడి ఒకే పక్కకు జరుగుతారు. సరిగ్గా బండికి నిలకడ కావలసిన సమయంలో పది పన్నెండు క్వింటాళ్ళ బరువు ఒక పక్కకు చేరుతుంది.

రెండు చక్రాల ట్రాలీలో ఇంకొక సంగతి ఉంది. అందరూ వెనుక అంచున కూర్చుంటే ముందున్న లాగుడు కడ్డీ పైకి లేస్తుంది. అప్పుడు ట్రాక్టరు వెనుక చక్రాలకు రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. అందరూ ముందుకు చేరితే బరువు ట్రాక్టరు వెనుక భాగం మీద పడి, దాని ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ సరిగా తిరగదు.

"మెల్లగానే వెళ్తాం కదా!"

ఇది తరచుగా వినే మాట. లెక్క చూద్దాం. గంటకు 20 కి.మీ. వేగంతో వెళ్తున్న బండి దేనినైనా గుద్దుకుని ఆగితే, లోపలి మనిషి విసురుగా పడే దెబ్బ దాదాపు 5 అడుగుల ఎత్తు నుంచి పడిన దెబ్బతో సమానం. 30 కి.మీ. వేగంలో అది 11 అడుగులు దాటుతుంది, అంటే డాబా మీద నుంచి పడినట్టు. 40 కి.మీ. వేగంలో 20 అడుగులు, రెండంతస్తుల మేడ మీద నుంచి పడినట్టు. డాబా పిట్టగోడ మీద బిడ్డను కూర్చోబెట్టమంటే ఏ తల్లీ ఒప్పుకోదు. ట్రాలీ తలుపు అంచున కూర్చోబెట్టడం కూడా అటువంటిదే.

అంతేకాక మనిషి ట్రాలీ నుంచి ఎగిరిపడితే దెబ్బ అక్కడితో ఆగదు. ట్రాలీ చక్రం అతని మీదికి రావచ్చు, వెనుక వచ్చే బండి రావచ్చు, ట్రాలీయే పైన పడవచ్చు.

కాలువ గట్టు

పైన చెప్పిన ప్రమాదాలలో చాలావరకు కాలువలోనో చెరువులోనో ఎందుకు జరిగాయి? గట్టు మీద దారి ఇరుకు. వానకు, తడికి అంచు మెత్తబడి ఉంటుంది. ఎదురు బండికి దారి ఇవ్వడానికి ఒక అడుగు పక్కకు జరిగితే చాలు, చక్రం దిగబడుతుంది. ట్రాలీ పల్టీకొడితే బోర్లా పడుతుంది. బోర్లా పడిన ట్రాలీ నీళ్ళలో ఉన్నవారి మీద మూత వేసినట్టు అవుతుంది. ఈత వచ్చినవారు కూడా ఆ ఇనుప మూత కింద నుంచి బయటకు రాలేరు. చీరలు, కొంగులు చిక్కుకుంటాయి. ఒకరి మీద ఒకరు పడతారు. నీరు నడుము లోతే ఉన్నా ఊపిరి ఆడక ప్రాణం పోతుంది.

కప్పూ సీట్లూ పెడితే సరిపోతుందా?

"అయితే ట్రాలీకి పైన కప్పు వేసి, బెంచీలు బిగిస్తే సరిపోతుంది కదా" అని కొందరికి అనిపించవచ్చు. దీనికి జవాబు అమెరికా రోడ్ల మీద దొరుకుతుంది. మన సంఘ కుటుంబాలలో కొందరి పిల్లలు అక్కడ ఉన్నారు, చూడటానికి తల్లిదండ్రులు వెళ్తుంటారు కాబట్టి ఈ విషయం వారికీ పనికివస్తుంది. అక్కడ సెలవులకు కారు వెనుక చక్రాల ఇల్లు తగిలించుకుని వెళ్ళే అలవాటు ఉంది. అందులో మంచాలు, వంటగది, స్నానాల గది, కిటికీలు అన్నీ ఉంటాయి. దానికి సొంత బ్రేకులు, స్ప్రింగులు కూడా ఉంటాయి. అయినా బండి కదులుతున్నప్పుడు ఆ ట్రైలర్ ఇంట్లో మనుషులు ఉండకూడదని అక్కడి చాలా రాష్ట్రాలు నిషేధించాయి.

ఎందుకు? సీటు బెల్టు లేదు. లోపలి అల్మరాలు, స్టౌ, సామాను అన్నీ మనిషి మీద పడతాయి. ట్రైలర్ తోక ఊపినట్టు ఊగితే లోపలివారు గోడకు విసిరికొట్టబడతారు. ముందున్న డ్రైవరుకు ఏమీ తెలియదు. కాలిఫోర్నియా రాష్ట్ర చట్టం పికప్ బండి మీదనే ఆనించి లాగే ఒక రకం ట్రైలర్‌లో మాత్రం మనుషులను అనుమతిస్తుంది. అది కూడా లోపలివారు డ్రైవరుకు సంకేతం ఇచ్చే సాధనం, లోపలి నుంచీ బయటి నుంచీ తెరుచుకునే తలుపు, గుచ్చుకోని అద్దాలు ఉంటేనే. సొంత ఇంజను ఉన్న చక్రాల ఇల్లయితే, బండి నడుస్తున్నంతసేపు బెల్టు ఉన్న సీటులోనే కూర్చోవాలి. మంచం మీద పడుకోకూడదు. నడుము నొప్పి అనో, ప్రయాణ బడలిక అనో వెనుక మంచం మీద నడుం వాల్చే పెద్దవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

అన్ని హంగులూ ఉన్న ట్రైలర్ సంగతే ఇలా ఉంటే, మన ట్రాలీకి బెంచీలు బిగించినంత మాత్రాన అది బస్సు కాదు. బెంచీలు వేస్తే బరువు మరింత పైకి వస్తుంది కూడా.

వైద్యులు చూసే గాయాలు

తల గాయం: ట్రాలీ నుంచి పడినవారిలో ప్రాణాలు తీసే గాయాలలో ఇది ముఖ్యమైనది. పడిన వెంటనే లేచి కూర్చుని మాట్లాడినా నిశ్చింతగా ఉండకండి. వాంతులు, మత్తుగా ఉండటం, తలనొప్పి ఎక్కువ కావడం, ఫిట్స్, మాట తడబడటం, ముక్కు లేదా చెవి నుంచి రక్తం గానీ నీరులాంటిది గానీ కారడం, ఒక కంటిపాప పెద్దదిగా ఉండటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి రావాలి.

వెన్నెముక గాయం: ఎగిరి కూలబడినప్పుడు వెన్నుపూస విరుగుతుంది. మెడలో విరిగితే కాళ్ళూ చేతులూ, నడుములో విరిగితే కాళ్ళు పడిపోవచ్చు. ఎముకలు బలహీనపడిన పెద్దవయసు స్త్రీలకు బోల్తాపడనక్కరలేదు. గుంతలో ట్రాలీ ఎగిరినప్పుడు అడుగున కూలబడినా వెన్నుపూస నలిగిపోవచ్చు.

నలుగుడు గాయాలు: ట్రాలీ కింద నలిగినవారికి పైకి గాయం కనిపించకపోయినా లోపల తుంటి ఎముక విరిగి, కాలేయం లేదా ప్లీహం చిట్లి రక్తం కారుతుండవచ్చు. ముఖం పాలిపోవడం, చల్లని చెమటలు, దాహం, నాడి వేగంగా కొట్టుకోవడం దీనికి గుర్తులు.

గర్భిణులు: పొట్టకు చిన్న దెబ్బ తగిలినా మాయ విడిపోయే ప్రమాదం ఉంది. నొప్పి లేకపోయినా, రక్తం కనిపించకపోయినా ఆ రోజే పరీక్ష చేయించుకోవాలి.

మడ్‌గార్డు మీద ప్రయాణం: డ్రైవరు పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్నవారు జారితే పడేది ట్రాక్టరు పెద్ద చక్రం ముందే. పిల్లలను ముచ్చటకు అక్కడ కూర్చోబెట్టే అలవాటు వెంటనే మానాలి.

చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం సరుకు రవాణా వాహనాలు వేరు, ప్రయాణికుల వాహనాలు వేరు. సరుకు బండిలో ప్రయాణికులుగా ఎక్కినవారి విషయంలో బీమా కంపెనీకి బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పింది. 2007లో మరో కేసు వచ్చింది. ఇటుకబట్టీకి మట్టి తోలే ట్రాలీ మీద నుంచి పడిన కూలీ విషయంలో, బీమా ట్రాక్టరుకే ఉంది గాని ట్రాలీకి లేదని, వ్యవసాయ పనికి కాక వేరే పనికి వాడారని కోర్టు గమనించింది. ఆ పేద కూలీ పరిస్థితి చూసి, ముందు డబ్బు చెల్లించి ఆ తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని బీమా కంపెనీని ఆదేశించింది.

దీని అర్థం ఏమిటి? ట్రాలీ ఎక్కిన కూలీకి ప్రమాదం జరిగితే నష్టపరిహారం కోసం ఏళ్ళ తరబడి తిరగవలసి రావచ్చు. ట్రాక్టరు యజమాని పొలం అమ్మి కట్టవలసి రావచ్చు. ఒక్క ట్రిప్పులో మిగిలిన కిరాయి డబ్బు రెండు కుటుంబాలనూ కాపాడదు.

మరి ఎలా వెళ్ళాలి?

"వద్దు" అని చెప్పడం సులువు. కానీ కూలికి వెళ్ళే స్త్రీకి ఏ బండి ఎక్కాలో నిర్ణయించుకునే వీలు తక్కువ. బండి పంపేది రైతు, మనుషులను పోగుచేసేది మేస్త్రీ. "నేను ట్రాలీ ఎక్కను" అంటే ఆ రోజు కూలి పోతుంది. కాబట్టి ఈ మాట ముందుగా చెప్పవలసింది బండి ఏర్పాటు చేసేవారికి.

రైతు సోదరులకు: కూలీలను తీసుకురావడానికి ఆటోలు గానీ వ్యాను గానీ మాట్లాడండి. ఆ ఖర్చును విత్తనాలు, ఎరువుల ఖర్చులాగే సాగు ఖర్చులో ముందే వేసుకోండి. ఆటోలో కూడా పరిమితికి మించి ఎక్కించకండి. కిక్కిరిసిన ఆటో కూడా ప్రాణాంతకమే. ఒక్క ట్రిప్పుకు బదులు రెండు ట్రిప్పులు వేయించండి. దానికోసం పని గంట ఆలస్యంగా మొదలైనా ఒప్పుకోండి.

మేస్త్రీలకు: "ట్రాలీ అయితే మావాళ్ళు రారు" అని ముఠా అంతా ఒకే మాట మీద ఉంటే ఏ ఒక్కరి కూలీ పోదు.

పెళ్ళివారికి, సభలు నడిపే పెద్దలకు: భోజనాలకు, పందిరికి లెక్క వేసేటప్పుడే ప్రయాణానికి కూడా లెక్క వేయండి. ఆర్టీసీ బస్సును అద్దెకు తీసుకోవచ్చు. ఖర్చును ఇంటింటికీ పంచితే అనుకున్నంత భారం కాదు. రాత్రి ఆలస్యంగా కాక వెలుగు ఉండగానే తిరిగి వచ్చేలా కార్యక్రమం ముగించండి.

స్త్రీలకు: తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణం ఉంది. బస్సు వచ్చే దారి అయితే, కొంత దూరం నడవవలసి వచ్చినా అదే మేలు.

తప్పనిసరి పరిస్థితిలో

వరదలలో ట్రాక్టరు తప్ప మరో దారి ఉండకపోవచ్చు. 2024 సెప్టెంబరులో విజయవాడను బుడమేరు ముంచినప్పుడు ఎందరినో ట్రాక్టర్లే బయటకు చేర్చాయి. అటువంటి సమయంలో ఈ జాగ్రత్తలు పాటించండి.

1. అందరూ ట్రాలీ అడుగున కూర్చోవాలి. ఎవరూ నిలబడకూడదు. అంచుల మీద, మడ్‌గార్డు మీద, లాగుడు కడ్డీ మీద ఎవరూ కూర్చోకూడదు.
2. పిల్లలు, గర్భిణులు, వృద్ధులు మధ్యలో ఉండాలి. అడుగున గడ్డి లేదా పరుపు వేయాలి.
3. మనుషులతోపాటు సామాను, బస్తాలు వేయకూడదు.
4. బయలుదేరే ముందు పిన్ను, దాని తాళం, తలుపుల కొక్కేలు, బ్రేకు పెడళ్ళ కొక్కెం చూడాలి.
5. ఎందరు ఎక్కారో లెక్కపెట్టి ఒకరు రాసి ఉంచుకోవాలి.
6. ఒకరి దగ్గర విజిల్ ఉండాలి. విజిల్ వినగానే డ్రైవరు ఆపాలి.
7. మనిషి పరుగెత్తే వేగం దాటకూడదు. కాలువ గట్టు, ఇరుకు వంతెన వస్తే అందరూ దిగి నడవాలి. ఖాళీ బండి దాటిన తర్వాత ఎక్కాలి.
8. పారే నీటిలో రోడ్డు అంచు కనిపించకపోతే దాటవద్దు.

ప్రమాదం జరిగితే

ముందుగా ఇంజను ఆపండి. కరెంటు తీగ తెగి పడి ఉంటే దగ్గరకు వెళ్ళకండి, ఎవరినీ ముట్టుకోకండి. 1912కు ఫోన్ చేసి సరఫరా ఆపించండి. 108కి ఫోన్ చేసి ఊరు, గుర్తు, ఎందరు గాయపడ్డారో చెప్పండి.

మనుషులను లెక్కపెట్టండి. లెక్క తక్కువైతే ట్రాలీ కింద, నీళ్ళలో వెదకండి. పెద్దగా ఏడ్చేవారికి ఊపిరి ఆడుతోంది. కదలక మెదలక ఉన్నవారిని ముందు చూడండి.

నీళ్ళలోంచి తీసినవారికి ఊపిరి లేకపోతే పొట్ట నొక్కవద్దు, తలకిందులుగా తిప్పవద్దు. వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటిలోకి రెండుసార్లు ఊపిరి ఊదండి. తర్వాత రొమ్ము మధ్యన రెండు చేతులతో 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కండి. పెద్దవారికి రొమ్ము 5 సెంటీమీటర్ల లోతు దిగాలి. మళ్ళీ రెండుసార్లు ఊదండి. 108 వచ్చేవరకు ఇలాగే చేయండి.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టండి. పసుపు, కాఫీ పొడి, మట్టి పెట్టవద్దు.

మెడ, నడుము నొప్పి అన్నవారిని, స్పృహ లేనివారిని చేతులు కాళ్ళు పట్టి లాగవద్దు. ప్రాణాపాయం లేని చోట ఉంటే 108 వచ్చేవరకు కదపవద్దు. కదపక తప్పకపోతే నలుగురు కలిసి తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా దొర్లించి తలుపు చెక్క మీద పడుకోబెట్టండి. ఆటోలో మడిచి కూర్చోబెట్టి తీసుకురావద్దు. స్పృహ సరిగా లేనివారికి, పొట్టకు దెబ్బ తగిలినవారికి నీళ్ళు తాగించవద్దు.

గాయపడినవారికి సహాయం చేస్తే పోలీసు కేసు అవుతుందని భయపడకండి. 2019లో చట్టానికి చేసిన సవరణ మంచి మనసుతో సహాయం చేసినవారికి రక్షణ ఇస్తుంది. 2025 మే నెలలో కేంద్రప్రభుత్వం ప్రకటించిన పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రులలో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయల వరకు నగదు లేకుండా వైద్యం అందుతుంది. ఆసుపత్రిలో చేరేటప్పుడే ఈ పథకం గురించి అడగండి.

ఇంటిలోనూ, సంఘ కూటములలోనూ చర్చించండి

1. గత ఏడాది మీ ఇంటివారు ఎన్నిసార్లు ట్రాలీ ఎక్కారు? అందులో ఎన్నిసార్లు వేరే దారి ఉంది?
2. మీ ఊరి నుంచి పొలాలకు వెళ్ళే దారిలో కాలువ గట్టు ఎక్కడ ఇరుకుగా ఉంది? అక్కడ ఏ జాగ్రత్త తీసుకోవాలి?
3. కూలీల ప్రయాణ ఖర్చు ఎవరు భరించాలి? రైతులు, మేస్త్రీలు, కూలీలు కలిసి ఎప్పుడు మాట్లాడుకోవచ్చు?
4. మీ ఊరిలో రొమ్ము నొక్కి, ఊపిరి ఊదే పద్ధతి తెలిసినవారు ఎందరు? ఇంకా ఎవరు నేర్చుకోవాలి?
5. మీ ఊరిలో రాబోయే పెళ్ళికి, లేక రాబోయే సభకు ప్రయాణం ఏర్పాట్లు ఎవరు చూస్తున్నారు? ఈ పాఠాన్ని ఈ వారమే వారికి చదివి వినిపించండి.